అల్యూమినియం ఫ్లైవీలూ, మా చెల్లి ఊరేగింపూ

నవ్వండి, నవ్వండి. రైల్వే కాలనీ మొత్తం నవ్వేశాక మీ నలుగురికి మాత్రం నేనెందుకు అడ్డు? కానీ ముందు ఆ ఫోన్ లోపల పెట్టండి. ఆ వీడియో మళ్ళీ నేను చూడలేను. మొన్న మా చెల్లి గ్రేస్ పెళ్ళిలో నా కారు చేసిన ఘనకార్యం నేను స్టీరింగ్ పట్టుకుని మరీ చూశాను. అది చాలు. టీ చెప్పండి, మొదట్నుంచీ చెప్తాను.

తప్పంతా మా ఇంట్లోనే పుట్టింది. మా డాడీ లోకో పైలట్ కదా, ఈ మధ్యే రిటైరయ్యారు. మన బస్తర్లోని కిరందుల్ గనుల నుంచి ఇనుప రాయి గూడ్సు లాగడమే ఆయన ఉద్యోగం. డ్యూటీ దిగి గుమ్మంలోకి రాగానే మమ్మీ అడిగే మొదటి మాట, "లోడా, ఖాళీయా?" లోడు రేకయితే, అంటే రాయి నింపిన వ్యాగన్ల బండయితే, డాడీ మొహం వేలాడిపోయేది. ఖాళీ రేకయితే ఈల వేసుకుంటూ వచ్చేవారు. చుట్టాల్లో వచ్చి కదలనివాళ్ళని కూడా మమ్మీ లోడు రేకులనే అనేది! అలాంటి ఇంట్లో పెరిగినోడికి బరువంటే ఏం అభిప్రాయముంటుంది? బరువు చెడ్డది, తేలిక మంచిది. నాకొచ్చిన ఇంజనీరింగ్ అంతా ఇంతే.

ఇక నా కారు మీకు తెలిసిందే. వైజాగ్‌లో ముచ్చటపడి కొన్న పాత స్పోర్ట్స్ హ్యాచ్‌బ్యాక్. దాని క్లచ్ పోయింది. జగదల్‌పూర్ తీసుకెళ్తే మెకానిక్ ఇర్ఫాన్ భాయ్ గేర్‌బాక్స్ దించి, క్లచ్చుతో పాటు ఫ్లైవీల్ కూడా మార్చాలన్నాడు. ఫ్లైవీలంటే ఇంజిన్ వెనక తిరిగే బరువైన గుండ్రటి చక్రం. ఇనుముది పెట్టొచ్చు, కాస్త బరువు తగ్గించిన స్టీలుది పెట్టొచ్చు, లేదంటే అన్నిటికన్నా తేలిక, అల్యూమినియంది.

"గాడీ దేనికి వాడతావు భయ్యా?" అని హిందీలో అడిగాడు.

నిజం చెప్పాలంటే డ్యూటీకి, సంతకి, ఆదివారం చర్చికి. కానీ వారం రోజులుగా నేను చూసిన వీడియోలన్నీ ఒక్కసారిగా నాలిక మీదకొచ్చేశాయి. "పర్ఫార్మెన్స్!" అన్నాను.

ఆయన నన్నూ, కారు వెనక సీట్లో ఉన్న కూరల సంచినీ చూశాడు. "స్టీలుది పెట్టుకో. అల్యూమినియంది రేసుకి బావుంటుంది గానీ నిదానంగా పోయేటప్పుడు సతాయిస్తుంది."

"నిదానంగా ఎవడు పోతాడు భాయ్!" అన్నాను. అవును, ఈ నోటితోనే.

కోయంబత్తూరు నుంచి తెప్పించి మరీ పెట్టించాను. అబ్బా, మొదటి రోజు చూడాలి! యాక్సిలరేటర్ మీద కాలు ఆనితే చాలు, మీటరు ముల్లు ఎగిరి కూర్చునేది. దంతెవాడ రోడ్డు మీద ఖాళీ దొరికితే నాకు భూమ్మీద కాళ్ళు ఆనలేదు. ఒక్కటే ఇబ్బంది. చక్రంలో బరువు లేదు కదా, రేస్ ఎంత తొందరగా ఎక్కుతుందో అంత తొందరగా చచ్చిపోతుంది. క్లచ్ వదిలేటప్పుడు కాస్త రేస్ తగ్గితే ఆగిపోతుంది. కాస్త ఎక్కువైతే దూకుతుంది. మధ్యలో ఇంకేం లేదు! అలవాటైపోతుందిలే అనుకున్నాను. మమ్మీ అయితే ఓ రోజు ఇంజిన్ చప్పుడు విని, "ఏటిరా, లోపల చెంచాలేవో పడిపోయినట్టున్నాయి, తీయించు" అంది.

ఇంతలో గ్రేస్ పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది పార్వతీపురం. డాడీ ఊరేగింపుకి జీపు మాట్లాడారు. నేను ఊరుకుంటానా? జీపు క్యాన్సిల్ చేయించి, మన కారే అన్నాను. గ్రేస్ మురిసిపోయింది. "కానీ ఒక్కటి అన్నయ్యా. చర్చి నుంచి హాలు దాకా బాగా నెమ్మదిగా పోనియ్. అందరి గుమ్మాలూ చూసుకోవాలి."

ఎందుకడిగిందో మీకు చెప్పాలి. మా కాలనీలో ఆడపిల్ల పెళ్ళయితే కారు అన్ని క్వార్టర్ల ముందు నుంచీ నడక మీదే వెళ్ళాలి. ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి, కిటికీలోంచి పిల్ల నోట్లో ఇంత తీపి పెట్టి పంపుతారు. రైల్వే పిల్లకి పుట్టిల్లంటే ఒక ఇల్లు కాదు, ఆ లైను మొత్తం. పైగా డాడీ రిటైరయ్యారు కాబట్టి పెళ్ళవగానే క్వార్టర్ అప్పగించెయ్యాలి. తను తిరిగి రావడానికి ఇక్కడ ఇల్లుండదు. అదొక్కసారే, ఆ ఒక్క ఊరేగింపే. "నీకెందుకు, పూలరథంలా తీసుకెళ్తా" అన్నాను. నా మొహం!

చర్చి ముందు బాజావాళ్ళు మొదలుపెట్టారు. వెనక సీట్లో గ్రేసూ, బావగారూ. ముందు నా పక్కన బావగారి నాయనమ్మ. ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదిలాను. గుటుక్. ఆగిపోయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మళ్ళీ స్టార్ట్ చేసి ఈసారి కాస్త రేస్ ఇచ్చాను. కారు కప్పలా దూకి ట్రంపెట్ ఊదేవాడి వీపు దగ్గర ఆగింది! పాట మధ్యలో ట్రంపెట్ కీచుమంది.

"ప్రభువా!" అంది నాయనమ్మ.

ఆ తర్వాత బాజావాళ్ళు ఒక్కరు కూడా మాకు వీపు చూపించలేదు. మా వైపే తిరిగి, కారునే చూస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ వాయించారు. ఊరేగింపులో అలా వాయించడం మీరెక్కడైనా చూశారా? దూకడం, ఆగడం. ఆగడం, దూకడం. బావగారి తల సీటుకి కొట్టుకుంటోంది. గ్రేస్ తల మీది నెట్టు ముసుగు ముక్కు మీదకి జారిపోతోంది. గుమ్మాల ముందు ఆపడం నా చేతిలో లేదు, కారు ఎక్కడ చచ్చిపోతే అక్కడే ఆగుతున్నాం. సావిత్రి ఆంటీ చిన్నప్పుడు మా ఇద్దరికీ అన్నం పెట్టిన మనిషి. జిలేబీ పట్టుకుని కిటికీ దగ్గరకొచ్చింది. గ్రేస్ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే దూకింది! జిలేబీ వెళ్ళి వెనక అద్దానికి అతుక్కుపోయింది. గ్రేస్ వెనక్కి తిరిగి చూసింది. ఆంటీ రోడ్డు మధ్యలో చెయ్యి అలాగే చాపి నిలబడిపోయింది.

వాటర్ ట్యాంకు దగ్గర ఎత్తు వచ్చింది. అక్కడ క్లచ్ వాసన మొదలైంది. నాయనమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "బాబూ, బిర్యానీ మాడిపోతున్నట్టున్నాది, వంటోళ్ళకి ఫోన్ చెయ్యి." బిర్యానీ కాదు నాయనమ్మా అని ఎలా చెప్పను? ఇంకో రెండు గజాలు పాకి కారు పూర్తిగా ఆగిపోయింది. ఈసారి ఎంత తొక్కినా కదల్లేదు. బాజా కూడా ఆగిపోయింది. ఎవడో వెనకనుంచి, "భయ్యా, రేసింగ్ గాడీ హై నా!" అని అరిచాడు.

గ్రేస్ ముందుకి వంగి నా చెవి దగ్గర మెల్లగా అంది. "నేను ఒక్కటే అడిగాను కదా అన్నయ్యా."

తిట్టినా బాగుండేది. చెప్తే నమ్మరు గానీ, అక్కడే ఇంజిన్ కింద దూరి దాక్కుందామనిపించింది. తన పెళ్ళిరోజు, తన ఊళ్ళో తన ఆఖరి ఊరేగింపు. నా సరదా కోసం నేను దాన్ని సర్కస్ చేసేశాను.

డాడీ సూట్లో చెమటలు కక్కుతూ కిటికీ దగ్గరకొచ్చారు. "ఏటైందిరా?"

"ఫ్లైవీలు డాడీ... తేలికది..."

ఆయన ఒక్కసారి గ్రేస్ మొహం చూశారు. కోటు విప్పి నా ఒళ్ళో పడేశారు. "న్యూట్రల్ చేసి స్టీరింగ్ పట్టుకో. ఇంకేటీ ముట్టుకోకు." వెనక్కెళ్ళి డిక్కీ మీద చేతులు పెట్టారు. హాలు దగ్గరున్న మీరు కూడా పరిగెత్తుకొచ్చారుగా తొయ్యడానికి! రమేశూ, తోస్తూ తోస్తూ "పెడల్ తొక్కరా" అని అరిచింది నువ్వే, నాకు గొంతు తెలీదనుకున్నావా?

పెళ్ళికొడుకు మేనమామ పరుగున వచ్చారు. "ఇదేటండీ బావగారూ? మీ బస్తర్లో పద్ధతా?"

డాడీ రెప్ప కూడా వెయ్యలేదు. "అవునండీ. ఇక్కడ ఆడపిల్లని ఇంజిన్ తీసుకెళ్ళదు. మేమే సాగనంపుతాం."

ఆ మేనమామగారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగిపోయాయి. వెంటనే వాచీ జేబులో వేసుకుని తనూ భుజం ఆనించారు! ఆయన్ని చూసి పార్వతీపురం జనమంతా వచ్చేశారు. బాజావాళ్ళు ధైర్యం చేసి ముందుకి తిరిగారు. కారు నడక మీద కదిలింది. ప్రతి గుమ్మం ముందూ ఆగింది. గ్రేస్ ఏడుస్తూ, నవ్వుతూ, నోరంతా తీపి చేసుకుంది. సావిత్రి ఆంటీ ఇంకో జిలేబీతో అంత దూరం నుంచీ పరిగెత్తుకొచ్చి, ఈసారి నోట్లోనే పెట్టింది. నేను మాత్రం తల దించుకుని స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. అందరూ నన్ను చూసి చెయ్యి ఊపుతున్నారు. ఏ మొహం పెట్టుకుని ఊపను?

నిన్న గ్రేస్ పార్వతీపురం నుంచి ఫోన్ చేసింది. ఇంకా తిడుతుందేమోనని భయపడుతూనే ఎత్తాను.

"అన్నయ్యా, వచ్చే నెల మా ఆడపడుచు పెళ్ళి. మీ బస్తర్ పద్ధతి మా వాళ్ళకి తెగ నచ్చీసింది. నీ కారే కావాలంటున్నారు."

"క్లచ్ కాలిపోయిందే! ఇంజిన్ కూడా దించాల్సొచ్చేట్టుందన్నాడు ఇర్ఫాన్ భాయ్."

"దించీమను. ఇంజిన్ అక్కర్లేదంట, అక్కడే వదిలీసి పంపమన్నారు."

ఆలోచిస్తున్నాను. ఇంజిన్ కూడా తీసేస్తే బరువు ఇంకా తగ్గుతుంది కదా!