కొట్టి సరిచేసిన బ్లేడు

1979లో నేను ఆదోనిలో ఒక లేత్ వర్క్‌షాపులో హార్డెనింగ్ పని చేసేవాణ్ణి. పనిముట్లకు వాడే టూల్ స్టీలును ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచడమే హార్డెనింగ్. అలా గట్టిపడిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ కొద్దిపాటి వేడిలో ఉంచి ఆ పెళుసు తగ్గించాలి. దాన్ని టెంపరింగ్ అంటారు.

ఎమ్మిగనూరులో ట్రంకు పెట్టెలు చేసే మస్తాన్ భాయ్, రేకులు కత్తిరించే మిషనుకు రెండడుగుల బ్లేడు కావాలని వచ్చినాడు. నూనెలో దించేటప్పుడు నా చేయి కాస్త వాలింది. ఒక వైపు ముందుగా చల్లారి బ్లేడు వంగిపోయింది. వంకర బ్లేడుకు రేకు తెగదు, మడత పడుతుంది. మళ్లీ కాల్చి, మెత్తబరచి, సరిచేసి, మొదటి నుంచి హార్డెనింగ్ చేయాలంటే ఇంకో రోజు కావాలి. ఆయనేమో బయట బెంచీ మీద ఎదురు చూస్తున్నాడు. చల్లారిన బ్లేడును దిమ్మె మీద పెట్టి సుత్తితో కొట్టాను. టిక్కుమని చిన్న చప్పుడైంది. తిప్పి చూస్తే ఏమీ కనబడలేదు. టెంపరింగ్ చేసి, సాన పట్టించి ఇచ్చేశాను.

పదిహేను రోజులకు కబురు వచ్చింది. బ్లేడు విరిగి, ముక్క ఎగిరి ఆయన కుడికంటికి తగిలిందట. కర్నూలుకు తీసుకుపోయినా చూపు దక్కలేదట.

మరుసటి ఆదివారం వాళ్లింటికి పోయాను. ఆయన కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. భార్య హుసేన్‌బీ టీ తెచ్చి నా ముందు పెట్టింది.

"రెండు రేకులు ఒకేపారి పెడ్తినన్నా. బిరీన పనైపోతాదని ఆశపడితి. నా కన్ను నేనే పోగొట్టుకుంటి" అన్నాడు.

విరిగిన ముక్కలు చూపించమన్నాను. కొత్తగా విరిగిన చోట ఉక్కు తెల్లగా మెరుస్తోంది. ఒక అంచున మాత్రం గోరంత మేర గోధుమ రంగు తిరిగి ఉంది. ఆ రంగు టెంపరింగ్ వేడికే, అదీ గాలి తగిలే చోటే వస్తుంది. అంటే అంతకు ముందే ఆ పగులు ఉంది. అది నా సుత్తి దెబ్బ. ఆ సంగతి చదవగలిగినవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే.

ఆ ముక్కను ఆయన చేతిలో పెట్టాను.

"నీ తప్పు కాదు భాయ్. వంకర పోతే నేను కొట్టి సరిచేస్తి. ఆపొద్దే పగిలింది. చప్పుడు వినీ నీకిస్తి."

హుసేన్‌బీ నేను తాగని టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మస్తాన్ భాయ్ చాలాసేపు ఆ ముక్కను తడుముతూ కూర్చున్నాడు.

"ఇన్ని దినాలు నన్ను నేనే తిట్టుకుంటాంటి" అన్నాడు. తర్వాత, "పో నాగన్నా. ఇప్పుడేం మాట్లాడొద్దు" అన్నాడు.

ఏడాది దాకా ఆయన మా వర్క్‌షాపు గడప తొక్కలేదు. ఆ తర్వాత ఒకనాడు కొత్త బ్లేడుకు ఉక్కు పట్టీ పట్టుకుని వచ్చినాడు.

"వంకర పోతే సెప్పు. ఎన్ని దినాలైనా ఈడనే ఉంటా" అన్నాడు.

ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అదే పని చేశాను. వంగిన పనిముట్టు ఏదైనా మళ్లీ కొలిమిలోకే పోయింది. వంకర కంటికి కనబడుతుంది. దాన్ని బలవంతాన సరిచేస్తే లోపల పడే పగులు కనబడదు. ఇంకో రోజు ఆగమని గిరాకీకి చెప్పడం కూడా నా పనిలో భాగమేనని నాకు తెలిసేసరికి, ఒక మనిషికి కన్ను పోయింది.