గడ్డిమనిషి గోరీ

బతికున్న మనిషి ఫోటో తీయమంటే మా బావ సోమేశ్వర్‌కు చెయ్యి వణుకుతుంది. నా పెళ్లిలో ఆయన తీసిన ఫోటోల్లో నా తల ఒక్కదాంట్లోనూ లేదు. మెడ దాకా పూలదండలు, ఆపైన షామియానా. అదే ఏదైనా గోరీ ముందు నిలబెట్టండి, రాతి మీది బూజు కూడా స్పష్టంగా పడుతుంది. "సచ్చినోళ్లు కదలరు శ్రీధర్, అందుకే ఫోటోల మంచిగొస్తరు," అనేవాడు. బామ్మర్దిని కాబట్టి, పెళ్లిలో కదలడం నా తప్పేనని ఒప్పుకోవాల్సి వచ్చేది.

జనగామ బజార్లో ఆయనది పప్పుల హోల్‌సేల్ దుకాణం. మా ఇళ్లలో మగవాడు చెడిపోతే ఎట్లా చెడిపోతాడో మా వాళ్లకు తెలుసు: పేకాట, లేదంటే రాజకీయాలు. కెమెరా మెడలో వేసుకుని పాత శ్మశానాల వెంట తిరిగేవాణ్ని ఏమని తిట్టాలో ఎవరికీ తోచలేదు. మా అమ్మ మాత్రం సంబంధం తెచ్చిన పెద్దమనిషిని తిట్టి కడుపుమంట చల్లార్చుకునేది.

ఈ పిచ్చి మానుకోటలో మొదలైంది. సరుకు పని మీద పోయి, రైలు తప్పిపోయి, రైలుకట్ట పక్క పిచ్చిచెట్లలో తిరుగుతుంటే, రైల్వేలో పనిచేసిన ఒక తెల్లదొర గోరీ కనపడిందట. ఇక్కడ విశ్రాంతి తీసుకుంటున్నాడు అని రాతి మీద ఇంగ్లీషులో ఉంది. రైళ్ల ఉద్యోగం చేసి కూడా విశ్రాంతి దొరికిన మనిషిని మా బావ అప్పుడే మొదటిసారి చూశాడు. ఫోటో తీశాడు. ఆ తర్వాత దుకాణానికి సెలవు దొరికితే చాలు, చర్చి వెనక సమాధులు, దర్గా పక్క గోరీలు, ఏవీ వదల్లేదు. అయితే ఆయనకూ ఒక నియమం ఉంది. రాయి ఉండాలి, రాయి మీద పేరుండాలి. పేరు చదివి, నమస్కారం పెట్టి, అప్పుడు మీట నొక్కుతాడు.

ఆ నియమం మొదట ఒకసారి తప్పాడు. కాటారం దాటాక అడవి అంచున రాకాసి గుళ్లున్నాయని, వేల ఏళ్ల నాటి సమాధులని ఎవరో చెబితే, నన్ను వెంటేసుకుని భూపాలపల్లి నుంచి బస్సులో పోయాడు. బండల మధ్య వంగి చూస్తుంటే ఊరివాళ్లు గుప్తనిధుల దొంగలమని పట్టుకున్నారు. మా బావ కంగారు పడలేదు. వాళ్లను కూర్చోబెట్టి కెమెరాలో గోరీల ఫోటోలు ఒక్కొక్కటే చూపిస్తూ, ఒక్కొక్కరి పేరు చదువుతూ పోయాడు. పొద్దు వాలింది. చివరికి ఒక ముసలాయన లేచి, "దొంగలైతె గింత సతాయించరు. పొండ్రి నాయినా," అని చేతులెత్తి మొక్కాడు. మమ్మల్ని విడిచిపెట్టారని మా బావ ఇప్పటికీ అంటాడు. వెళ్లగొట్టారని నేనంటాను.

ఇక మా అక్క కళావతి సంగతి. శ్మశానానికి పోయి వచ్చినవాడు తలస్నానం చేయకుండా గడప తొక్కకూడదు కదా. వాకిట్లో బకెట్టు ఎప్పుడూ నిండి ఉండేది. చలికాలమైనా, జ్వరమొచ్చినా, ముందు నీళ్లు, తర్వాతే ఇల్లు. అంతటితో ఆగితే ఆమె మా అక్కెందుకవుతుంది? "నువ్వు ఒక్కనివే పోయినవా? అది పోలేదా?" అని కెమెరా మీద కూడా పసుపునీళ్లు చల్లేది. నీళ్లు అద్దంలోకి దిగాయి. కెమెరా చావలేదు గానీ, అప్పట్నుంచి ఆయన తీసిన గోరీలన్నీ పెళ్లికూతుళ్లలా పచ్చగా పడేవి.

అట్లా ఉండగా సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు బంద్, బడులు బంద్, దుకాణాలు బంద్. శ్మశానాలు తప్ప అన్నీ బంద్. రోడ్ల మీద వంటావార్పుకు బస్తాల కొద్దీ పప్పు పంపించి, మా బావ తన దారిన తాను గోరీల వెంట పోయేవాడు. అందరికీ రాష్ట్రం కావాలి, ఆయనకు పొద్దు వాలే ముందటి మంచి వెలుతురు కావాలి.

ఆ రోజుల్లోనే చాందీ వచ్చి వాకిట్లో నిలబడింది. చాందీ మా బావ గోదాములో పప్పులు చెరిగే మనిషి. వాళ్లది దంతాలపల్లి దగ్గర ఒక తండా. వయసులో ఉన్నప్పుడు తానూ మొగుడూ జనగామ బయట రోడ్డు పనికి వచ్చి, తెల్లదొరల గోరీల ప్రహరీ గోడ పక్కన గుడిసె వేసుకున్నారు. మొదటి కాన్పు ఆ గుడిసెలోనే. బిడ్డ పట్టుమని పది రోజులు కూడా ఉండలేదు. గోడ బయట చిన్న గుంత తీసి పూడ్చిపెట్టారు. ఇప్పుడు ఆ రోడ్డునే వెడల్పు చేస్తున్నారు. కాంట్రాక్టరు సుదర్శన్ వేయించిన సున్నపు గీత సరిగ్గా ఆ చోటు మీంచి పోయింది.

"సేటూ, నువ్వు గోరీల ఫోటోలు తీస్తవట గదా. నా బిడ్డది గూడ తియ్యి. మా ఇంటోడు సచ్చిపాయె. ఆ జాగ నాకొక్కదానికే ఎరుక. మిషిని వచ్చి తవ్వినంక నాకు గూడ ఎరుకుండది," అంది.

నేనూ వెంట పోయాను. గోడ పక్కన ఒక తంగేడు చెట్టు, దాని మొదట్లో గరిక. రాయి లేదు, పేరు లేదు. మా బావ కెమెరా ఎత్తాడు, దించాడు. ఎవరికి నమస్కారం పెట్టాలో తెలియక తంగేడుకు పెట్టి ఫోటో తీశాడు. చాందీ ఆ చిన్న తెరలోకి చాలాసేపు చూసింది.

"గిదేంది సేటూ, గడ్డే గదా," అంది.

ఆ మాట మా బావను పట్టుకుంది. తెల్లారి నన్ను బండి తీయమని సుదర్శన్ దగ్గరికి పోయాడు. గీత జరపమని అడిగాడు. సుదర్శన్ చెడ్డవాడేం కాదు, తొందరలో ఉన్నవాడు. "గోరీ ఉంటె సూపియ్యి అన్న, జరుగుత. గడ్డికి గూడ జరగాల్నా?" అన్నాడు. మా బావ వచ్చి బండెక్కాడు. దారి పొడుగునా నా వీపు వెనక కూర్చుని, "గోరీ ఉంటె జరుగుతడట," అని గొణుగుతూనే ఉన్నాడు.

గోరీ ఎట్లా వచ్చిందో వినండి. మా వీధి ఉద్యమ కమిటీకి పెద్ద ఉమేష్, సెల్‌ఫోన్ల దుకాణం పిల్లాడు. రాష్ట్రం రాదని ఒక పెద్ద నాయకుడు ఎక్కడో అన్నాడు. పేరు చెప్పను, ఆయన బతికే ఉన్నాడు. ఆయన దిష్టిబొమ్మకు పాడె కట్టి, డప్పులతో శవయాత్ర తీసి చౌరస్తాకు తెచ్చారు. ఇంతలో వాన. గడ్డి తడిసి ముద్దయింది. అగ్గిపుల్లలు అయిపోయాయి గానీ నాయకుడు అంటుకోలేదు. సమ్మెలో కిరసనాయిలు దొరకదు. శవాన్ని ఇంటికి తిరిగి తీసుకుపోవడం అరిష్టం. పాడె ఎత్తిన నలుగురికీ దించాలంటే భయం, మోయాలంటే విసుగు.

అప్పుడు గుంపు వెనక నుంచి మా బావ, దుకాణంలో బేరం కూడా గట్టిగా ఆడని మనిషి, అరిచాడు: "పూడ్చిపెడ్దాం!"

గోరీల విషయంలో ఊళ్లో ఆయన్ను మించినవాడు లేడు కాబట్టి అందరూ ఆయన వెంట నడిచారు. దొరల గోరీల గోడ పక్కకు తీసుకుపోయాడు. తంగేడు చెట్టుకు ఇవతల, దానికి తగలకుండా, తాను నిలబడి గుంత తీయించాడు. వానలో తడుస్తూ చాందీ కూడా వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు మేస్త్రీ మొండయ్య గద్దె కట్టడానికి వచ్చి, మా బావ చెప్పిన కొలతకు తాడు పట్టి చూసి తెల్లబోయాడు.

"గడ్డిమనిషికి గింత పెద్ద గద్దెందుకు సేటూ? ఇద్దరు పడ్తరు."

"పెద్ద నాయకుడు గదా," అన్నాడు మా బావ. మొండయ్యకు అది సబబుగానే తోచింది.

గద్దె లేచింది. నెత్తిన రాయి, రాతి మీద ఎర్ర రంగుతో నాయకుడి పేరు. సమాధి లేచాక మనవాళ్లు ఊరుకుంటారా? మూడో నాడు చేశారు, పదకొండో నాడు చేశారు. ఇద్దరు గుండ్లు కొట్టించుకున్నారు. పెత్రమాస వచ్చింది. ఇంటింటా చచ్చిన పెద్దల పేరున బ్రాహ్మణుడికి బియ్యం ఇచ్చే రోజు. పేరున బియ్యం ఇవ్వకపోతే చచ్చినవాడు ఊరి మీద తిరుగుతాడని మొండయ్య హడలగొట్టాడు. దాంతో కమిటీ చందా వేసుకుని, బతికున్న నాయకుడి పేరున, గోత్రం తెలియక ఉమేష్ గోత్రమే చెప్పి, బియ్యం ఇచ్చింది. ఎంత తిట్టుకున్నా ఆయన అట్లా మా ఉమేష్ వంశంలో ఒక పెద్దవాడయ్యాడు.

సుదర్శన్ మిషను తెచ్చిన రోజు ఊరు ఊరంతా గద్దె చుట్టూ నిలబడింది. "మా సమాధి ముట్టుకుంటె ఖబడ్దార్," అన్నాడు ఉమేష్. ఇది కూలితే ఊరు మండుతుందని పైవాళ్లు భయపడి ఇద్దరు పోలీసులను కాపలా పెట్టారు. గడ్డికి కాపలా కాస్తూ వాళ్లు పాపం గొడుగు కింద పల్లీలు తినేవారు. సుదర్శన్ మా బావ వైపు ఒక చూపు చూసి గీత జరిపాడు. తిన్నగా వచ్చిన రోడ్డు ఇవాళ్టికీ అక్కడ ఎందుకో మెలిక తిరుగుతుంది. కొత్తవాళ్లు ఇంజనీరును తిడతారు.

మా బావ గెలిచాడనే అనుకున్నాను. అయితే ఒక సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. బంద్ పిలుపు వచ్చినప్పుడల్లా జనం ఊరేగింపుగా వచ్చి ఆ గద్దెను చెప్పులతో కొట్టేవారు. ఉమ్మేవారు. అమ్మనా బూతులు తిట్టేవారు. చాందీ కూడా గుంపులో నిలబడి పిడికిలెత్తి నినాదాలు ఇచ్చేది. అందరూ పోయాక చెప్పులు ఏరి పక్కన పెట్టి, కొంగు తడిపి గద్దె తుడిచేది. ఒకసారి మా బావ చూడలేక, "ఇగ చాలు చాందీ, వాళ్లకు చెప్తా," అన్నాడు.

"వద్దు సేటూ. చెప్పులే గదా. చెప్పులకు నా బిడ్డ లేస్తదా? మిషిని రాకుంటె సాలు," అంది.

నాకు మా బావ మీద, ఊరి మీద, నా మీద కూడా కోపం వచ్చింది. తిట్టడానికి ఎవరూ దొరక్క బండి కిక్కు కొట్టి వచ్చేశాను.

మూడేళ్లకు రాష్ట్రం వచ్చింది. జూన్‌లో ఊరంతా గులాల్, పటాకులు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఆ ఊపులోనే ఎవడో, "మన రాష్ట్రంల వాని సమాధి ఎందుకు? పీకుండ్రి!" అన్నాడు. గడ్డపారలు లేచాయి. మా బావ కెమెరాతో ముందు పరుగెత్తాడు, వెనక నేను. మేం పోయేసరికి మొదటి దెబ్బకు గద్దె మూల పగిలింది. రెండో దెబ్బ పడబోతుంటే చాందీ ఎక్కణ్నుంచో వచ్చి గడ్డపారను రెండు చేతులా పట్టుకుంది. అరచెయ్యి చీరుకుపోయింది. గద్దె మీద పడి గుండెలు బాదుకుంటూ ఏడ్చింది.

జనం నోళ్లు తెరిచారు. "ఏందవ్వా, రాష్ట్రం వద్దన్నోని కోసం ఏడుస్తున్నవా?" అన్నాడు ఉమేష్. వెనక ఎవరో, "అమ్ముడువోయింది!" అన్నారు.

మా బావ కెమెరాలో పాత ఫోటో వెతికి, ఉమేష్ మొహం ముందు పెట్టాడు. తంగేడు, గరిక.

"గిదేంది? గడ్డే గదా," అన్నాడు ఉమేష్.

"గద్దె కింద నీ గడ్డి ఒక దిక్కుంది. ఇంకో దిక్కు ఆమె బిడ్డ ఉన్నది," అన్నాడు మా బావ.

డప్పు ఆగిపోయింది. ఉమేష్ ముందు గద్దె వైపు, తర్వాత తన కాళ్లకున్న చెప్పుల వైపు చూశాడు. ఇన్నేళ్లూ అందరికంటే గట్టిగా కొట్టింది వాడే. మెల్లగా చెప్పులు విడిచి, "మరి చెప్పొద్దా అక్కా?" అన్నాడు. ఏడుపు మొహంతో.

తానే ఒక రాయి తీసుకుని నాయకుడి పేరు గీకి పారేశాడు. "బిడ్డ పేరు చెప్పు, రాపిస్త."

"పేరు పెట్టలే. అంతల్నే పాయె."

గుంపులో ఒకడికి ఆవేశం వచ్చింది. "తెలంగాణ అని పెడ్దాం!" అందరూ జై కొట్టారు.

చాందీ ముక్కు తుడుచుకుంది. "వద్దు అన్న. ఆ పేరు పెడితె మళ్ల ఎవరో ఒకరు వద్దంటరు. మళ్ల లొల్లైతది."

రాయి అట్లాగే ఖాళీగా ఉండిపోయింది. మా బావ పేరు లేని ఆ రాతికి నమస్కారం పెట్టి ఫోటో తీశాడు. ఈసారి ఫోటోలో బతికున్న మనిషి కూడా ఉంది. చెయ్యి వణికినట్టుంది, చాందీ తల సగమే పడింది.

ఆమె అరచేతి నుంచి నెత్తురు కారుతూనే ఉంది. ఇంటికి తీసుకొచ్చాం. వాకిట్లో బకెట్టు సిద్ధంగా ఉంది. మా అక్క పసుపునీళ్ల గిన్నెతో ఎదురొచ్చింది. మా బావ అలవాటుగా చొక్కా విప్పబోయాడు. చాందీ అలవాటుగా గడపకు దూరంగా నిలబడింది. ఎక్కడి నుంచి వస్తున్నామో, ఆ గోరీ ఎవరిదో నేనే చెప్పాను. అక్క గిన్నెలో పైనున్న నీళ్లు వాకిట్లోకి వంచేసింది, అడుగున పసుపు మిగిలింది. తర్వాత చాందీ చెయ్యి పట్టుకుని, ఇన్నేళ్లూ కెమెరా మీద చల్లిన ఆ పసుపు ఆమె అరచేతికి పెట్టింది.

"పసిబిడ్డకు మైలేంది?" అంది మమ్మల్ని కసురుతూ. "అక్కడ్నే నిలవడ్డరేంది? అందరు లోపటికి రాండ్రి."