పక్కన పెట్టిన కొరమేను

శనివారం, సాయంత్రం ఏడు గంటలు, ఏలూరు. హాజరైనవారు: నేను, కొత్త రెస్టారెంటులో వంట చేస్తున్న లావణ్య, ఆమెతో భాగస్వామిగా చేరాలో వద్దో ఈ భోజనంతో తేల్చుకోబోయే ప్రసాదుగారు, ఆయన భార్య. ఇది నా డైరీలో రాసుకున్నది; రానివారి పేరు అందులో లేదు. లావణ్య తాతయ్య వీర్రాజుగారు పోయి చాలా ఏళ్లయింది.

ఫ్రెంచి పద్ధతి భోజనం. ఒకదాని తర్వాత ఒకటి ఎనిమిది వంటకాలు, పెద్ద పళ్లెంలో రెండు ముద్దలంత. ఐదోది నా ముందు పెట్టగానే కరిగిన వెన్న వాసన వచ్చింది. దాని అడుగున, నిమ్మతొక్క చాటున, చెరువు మట్టివాసన. కొరమేను.

ఆ వాసన పట్టడం నాకు నేర్పింది వీర్రాజుగారే. కొల్లేటి ఒడ్డున చేపల ప్యాకింగ్ షెడ్డులో ఆయన మేస్త్రి, నేను గుమాస్తాను. మొప్ప ఎత్తి ఒక్కసారి వాసన చూసి, బాగాలేకపోతే "పక్కన పెట్టండి" అనేవారు. గొంతు పెంచగా నేను వినలేదు. ఒకరోజు లారీ బయలుదేరే వేళకు, యజమాని సొంత చెరువు నుంచి వచ్చిన పెట్టెనే పక్కన పెట్టించారు. యజమాని అక్కడే ఉన్నారు.

"మన చెరువు చేపే కదండీ, వీర్రాజుగారూ."

"అందుకేనండి. మనకే ముందు తెలిసింది."

యజమాని వెళ్లిపోయారు. నా కలం ఆగిపోయింది. వీర్రాజుగారు నా పుస్తకం వైపు చూసి, "ఇప్పుడే రాసేయండి గుమాస్తాగారూ. రేపైతే మొహమాటం రాస్తుంది" అన్నారు. నేను డైరీ మొదలుపెట్టింది ఆ వారంలోనే.

ప్రసాదుగారు చెంచా అందుకోబోతున్నారు. చెబితే ఆ పిల్ల కష్టమంతా నా నోటితోనే పోతుంది. చెప్పకపోతే ఆయనకు తెలియకపోవచ్చు కూడా. నా పళ్లెం పక్కకు జరిపాను. గోడ దగ్గర నిలబడ్డ లావణ్య చూసి, వచ్చి నా పక్కన వంగింది.

చెరువులోంచి తీసిన కొరమేనును రెండు రోజులు మేత లేకుండా మంచినీళ్ల తొట్టిలో ఉంచితే తప్ప ఆ వాసన పోదు. "ఎన్నాళ్లు ఉంచావమ్మా?" అని మెల్లగా అడిగాను.

"ఉంచినవి చచ్చిపోయాయండి. ఇవి పొద్దున దింపినవే. ఎవరికీ తెలియదనుకున్నాను తాతగారూ."

"నాకు తెలిసింది. నీకు ముందే తెలుసు."

ఆమె లేచి ప్రసాదుగారి వైపు తిరిగింది.

"ప్రసాదుగారూ, ఆగండి. ఆ చేప తినకండి. తొందరపడి వండాను. పక్కన పెట్టిస్తాను."

ప్రసాదుగారు చెంచా దించారు. "అయితే ఇవాళ ఏడేనా?"

"ఏడేనండి."

మిగతా మూడూ వచ్చాయి, తిన్నాం. చివరికి ఆయన చెయ్యి తుడుచుకుని, "ఫోన్ చేస్తానమ్మా" అని లేచారు. బాగుందనలేదు. నేను లావణ్య ముఖం చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున ఆరున్నరకు ఆమె స్కూటరు మా గేటు ముందు ఆగింది. కాళ్ల దగ్గర మూతకట్టిన బకెట్టులో కొరమేనులు కొట్టుకుంటున్నాయి.

"ప్రసాదుగారు రాత్రే ఫోన్ చేశారండి. ఆ చేప తినకుండా ఒప్పందం మీద సంతకం పెట్టరట. మంగళవారం సాయంత్రం వస్తారట."

పెరట్లో తొట్టి కడిగి, బోరు నీళ్లు పట్టాను. చేపలు అందులోకి వదిలి ఆమె చేతులు దులుపుకుంది.

"మంగళవారం పొద్దున మీరే వాసన చూడాలి."

"నువ్వు చూడమ్మా. నువ్వేమంటే అది ఆ నిమిషమే రాస్తాను" అని, డైరీ కోసం లోపలికి వెళ్లాను.