మేనత్త కోసిన తాడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ భయపడింది మా తాతయ్యకే. మతి తప్పాక ఆయనకు ఇంటివాళ్లంతా దొంగల్లా కనిపించేవారు. ఒకరోజు అన్నం పెడుతున్న అమ్మ నుదురు ఇత్తడి చెంబుతో పగలగొట్టాడు. ఆ సాయంత్రమే నాన్న ఆయనను వెనక గదిలో మంచానికి కట్టేశాడు. కాజీపల్లిలో మందుల ఫ్యాక్టరీలు కొత్తగా లేస్తున్న రోజులవి. షిఫ్టుకు పోయేముందు నాన్న ముడి బిగించి మరీ వెళ్లేవాడు.

తాడు ఒరుసుకుని తాతయ్య చీలమండలు పుండ్లు పడ్డాయి. ఒకసారి నీళ్లు తాగించబోతే నా జడ పట్టి గోడకేసి కొట్టాడు. నేను కోపం పట్టలేక చేతిలోని గ్లాసుతో ఆయన ముఖం మీద కొట్టాను. పెదవి చిట్లి రక్తం కారింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెండు నెలలకు మేనత్త వచ్చింది. పుల్లల్లా అయిన తాతయ్య కాళ్లను చూసి, కొడవలి తెచ్చి తాడు కోసింది.

"బలమొస్తే మల్ల కొడ్తడక్కా," అన్నాడు నాన్న.

"కొట్టనియ్యి. గీ చీకట్ల పండవెడితే కాళ్లు సచ్చిపోతయి. జెర ఎండ తగలనియ్యి."

మర్నాడు పొద్దున ఆయనను పట్టుకుని ఎండలోకి నడిపించింది. తాతయ్య ఆమె ముంజేతిని కరిచాడు. రక్తం కారుతున్నా ఆమె వదల్లేదు. వదిలితే ఆయన పడిపోతాడు. "నాయినా, నేను నీ బిడ్డను," అని చెబుతూనే ఉంది. అరుగు మీంచి ఐదుసార్లు లేపి కూర్చోబెట్టింది. రెండోవైపు పట్టుకొమ్మని నన్ను పిలిచింది.

భయపడుతూనే వెళ్లాను. తాతయ్య వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి. ఆయన ఒళ్లంతా వణుకుతోంది. పడిపోతానేమోనని ఆయనకున్న భయం అప్పుడే నాకు తెలిసింది. ఏడుపొచ్చింది.

"అత్తా, నేను తాతను కొట్టిన."

"తెల్సు బిడ్డా, పెదవి జూసిన. రేపు సుత నువ్వే పట్టుకో."

ఐదుసార్లు పదిసార్లయ్యాయి. ఎండాకాలం వచ్చేసరికి వీధి చివరిదాకా నడిచాడు. మతి మాత్రం తిరిగి రాలేదు. నాన్న అన్నట్టే మళ్లీ కొట్టాడు కూడా. కానీ ఆయనను ఎవరూ కట్టేయలేదు. పోయేదాకా తన కాళ్ల మీదే నిలబడ్డాడు.

ఇప్పుడు పటేల్‌గూడలో మా ఆయనకూ మరుపు వచ్చింది. నిన్న నా చెంప వాచేలా కొట్టాడు. గదికి గొళ్లెం పెడదామనిపించిన రోజులు లేకపోలేదు. పెట్టలేదు. చెంప మంట కాస్త తగ్గాక, ఎండ డాబా మీదికి వచ్చే వేళకు, ఆయన చెప్పులు తెచ్చి ముందు పెడతాను.