తొలికాపు వంకాయలు

ఇన్నేళ్లుగా మా అక్క ముఖంలోకి నేరుగా చూడలేకపోతున్నాను. ఇది చదువుతున్న నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ల ముందు ఈ మాట నా నోట రాదు.

డెబ్బైల చివర్లో, విశాఖలో ఊరి మురుగును ఆరబెట్టే చోట నేను సూపర్‌వైజర్ని. మురుగు ఎండితే నల్లటి మడ్డి మిగులుతుంది. దాన్ని ఎరువుగా రైతులకు ఊరికే ఇచ్చేవాళ్లం. తీసుకెళ్లేవాళ్లు లేక అది గుట్టలు పడిపోయింది. ఆఫీసరు నా మీద విరుచుకుపడ్డాడు. దగ్గర్లో ఇనుప సామాన్లకు పూత పూసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. దాని నీళ్లు మా కాలువలో కలుస్తాయని నాకు తెలుసు. కలిసే చోట నిలబడి చూశాను కూడా. అందులోని విషం ఎండకీ వానకీ పోదని, పడ్డ మట్టిలోనే ఉండిపోతుందని మా కెమిస్టు నాతో చెప్పాడు. తర్వాత ఆయనకి ట్రాన్స్‌ఫరయింది. ఇక తెలిసినవాణ్ని నేనే.

రైతుల్ని నమ్మించడం ఎలా? ఆనందపురం దగ్గర అక్కావాళ్ల పొలం ఉంది. మొదటి లారీ అక్కడే దింపించాను. సొంత అక్క పొలంలో వేయించాడంటే మంచిదే అయి ఉంటుందని చుట్టుపక్కలవాళ్లు అనుకోవాలని. అనుకున్నారు. గుట్టలు కరిగిపోయాయి. ఆఫీసరు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా, సిగ్గులేనివాణ్ని.

ఆ ఏడు వంగ విరగకాసింది. ఎరువు తోలించినవాళ్లింటికి తొలికాపు పంపడం బావావాళ్ల ఇంటి ఆనవాయితీ. బావ బుట్టెడు వంకాయలు బస్సులో మోసుకొచ్చి ఇచ్చి వెళ్లాడు. మా ఆవిడ కత్తిపీట వాల్చింది. పుచ్చులున్నాయని అబద్ధమాడి, బుట్టెడూ పట్టుకెళ్లి మా వీధి చివర పారే గెడ్డలో పారబోశాను. నా పిల్లలు తినకూడదు. మరి అక్క పిల్లలు ఆ కాయలే తింటున్నారని నాకు తోచలేదా? తోచింది. తోచింది కాబట్టే వాళ్లింటికి వెళ్లడం తగ్గించాను.

కొన్నేళ్లకు మొక్కలు పసుపెక్కి గిడసబారడం మొదలైంది. బావ విత్తనం మార్చాడు, పేడ ఎరువు వేశాడు, దిష్టి తీయించాడు. చివరికి పొలం బీడు పెట్టి, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట కూలికి కుదిరాడు. ఒకరోజు దువ్వాడ స్టేషన్లో ఎదురుపడ్డాడు. చొక్కా నిండా సిమెంటు. చెప్పేద్దామనే దగ్గరికి వెళ్లాను. ఆయనే ముందు తల దించుకున్నాడు.

"నీకు మొకం సూపించనేకపోతన్నాను బావా. అంత మంచి గత్తం తోలించినావు. నానే నేలని సూసుకోనేకపోనాను."

"పోనీలే బావా," అన్నాను.

పోనీలే! ఆయన్ని నేను క్షమించినట్టు. నిజం ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? అదీ ఉంది. కానీ అంతకంటే, మరి ఆ వంకాయలు నువ్వు తిన్నావా అని అడుగుతాడేమోనన్న భయం ఎక్కువ.

బావ ఇప్పుడు లేడు. తప్పు తనదేననుకుంటూ పోయాడు. అక్క కూడా అలాగే అనుకుంటోంది. ఆమెకు చెప్పే ధైర్యం నాకు వస్తుందో రాదో తెలియదు. నన్ను క్షమించమని నిన్ను అడగను. అడిగే అర్హత గెడ్డ దగ్గరే పోయింది. ఒక్కసారి, ఒక్కరికైనా, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ నేలని పాడుచేసింది బావ కాదు, నేను. తెలిసే చేశాను.