పొక్కుల మీద రంగు

మా ఆయన నాటకాల కంపెనీలో మేకప్ మనిషి. ఎదుటివాళ్ళ మొహంలో ఏముందో ఆయనకు పట్టదు, దాన్ని ఎలా కప్పాలన్నదే ధ్యాస. మొటిమ, మచ్చ, తాగిన కళ్ళ కింద ఉబ్బు, ఏదైనా సరే ఆయన పెట్టెలో దానికో రంగు ఉంటుంది. మా పెళ్ళి ఫోటోలో ఈయన నాకన్నా అందంగా ఉంటాడు. ఆ కోపం నాకిప్పటికీ పోలేదు.

కొత్త నాటకం మొదటి ఆటకి రాజు వేషగాడు మెడ నిండా నీటి పొక్కులతో, ఒళ్ళు కాలిపోతూ వచ్చాడట. ఇంకెవరైనా అయితే ఇంటికి పొమ్మనేవారు. ఈయన కుర్చీ చూపించి, "కూర్చో. తెర లేచేసరికి నీ పొక్కులు నీకే దొరకవు," అన్నాడట. అన్నంత పనీ చేశాడు. ఇంటికొచ్చి ఆ ఘనకార్యం నాకు చేతులు తిప్పుతూ వర్ణించాడు.

"ఆట చూడ్డానికొచ్చి మన అమ్మాయి కూడా అక్కడే ఉంది. రాజుతో బోలెడు కబుర్లు చెప్పింది," అన్నాడు.

మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. పురిటికని మా ఇంట్లోనే ఉంది.

"అది ఆటలమ్మ కదండీ," అన్నాను.

"అయితే ఏమిటే? పిల్లల రోగం."

ఈ మాట నాకు కొత్త కాదు. అమ్మాయి చిన్నప్పుడు టీకా వేయిస్తానంటే, "నాలుగు పొక్కులకి సూది కూడానా?" అని నవ్వాడు. నేను వినిపించుకోకుండా రెండు డోసులూ వేయించాను. ఆటలమ్మ రానివాళ్ళు పెద్దయ్యాకైనా వేయించుకోవచ్చు, మీరూ రండి అంటే రాలేదు. ఈయనకి సూదంటే భయం. ఆ భయానికి కూడా రంగు వేసి ధైర్యమని పేరు పెట్టుకున్నాడు.

మర్నాడే అమ్మాయిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ ఈయన్ని నిలబెట్టి కడిగేసింది. ఆటలమ్మ గాలిలోనే అంటుకుంటుందట. పొక్కులు కనబడక ముందే మొదలై, అన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా అంటుతూనే ఉంటుందట. పెద్దవాళ్ళకొస్తే ఊపిరితిత్తుల మీదికి పోవచ్చు. రక్షణ లేని గర్భిణికి వస్తే తల్లికీ బిడ్డకీ ముప్పు, పైగా కడుపుతో ఉండగా ఆ టీకా వేయకూడదు.

"మీరు పొక్కులు కప్పారు. రోగాన్ని మాత్రం జనం మీదికి వదిలారు," అంది.

అమ్మాయికి రక్తం తీశారు. ఈయనకి ఇప్పుడైనా టీకా వేస్తే రాకుండా ఆగొచ్చు, వచ్చినా తేలిగ్గా పోవచ్చు అంది డాక్టరమ్మ. నేను వెనక్కి తిరిగేసరికి మనిషి లేడు, ఎవరికో ఫోన్ చేయాలని బయటికి జారుకున్నాడు.

అమ్మాయికి టీకా రక్షణ ఉందని రిపోర్టు వచ్చిన రోజు ఈయన పెరట్లోకి వెళ్ళి ఏడ్చాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. అయినా ఎందుకైనా మంచిదని అమ్మాయిని వాళ్ళ అత్తగారింటికి పంపేశాం.

అనుకున్నట్టే కొన్నాళ్ళకి ఈయనకి వచ్చింది. నెత్తి మీద, నాలుక మీద, చెప్పుకోలేని చోట కూడా. నాకు చిన్నప్పుడే వచ్చిపోయింది కాబట్టి చాకిరీ నా నెత్తినే పడింది. గోక్కోకుండా ఉండాలని, తిట్టుకుంటూనే ఆయన గోళ్ళు కత్తిరించాను.

ఈయన ఇంకా గదిలో విడిగా ఉండగానే అమ్మాయికి ఆడపిల్ల పుట్టిందని ఫోనొచ్చింది. నేను బట్టలు మార్చుకుని వచ్చేసరికి ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహం నున్నగా మెరుస్తోంది.

"అన్నీ రాలిపోయాయి, చూశావా? పద," అన్నాడు.

నమ్మేశాను. అంత బాగా రంగు వేశాడు దొంగ.

నేను ఆటో ఎక్కాను. ఆయన ఒక కాలు లోపల పెట్టి ఆగాడు.

"పిల్ల ఎంతుంటుందే?" అని అడిగాడు.

అరచేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన కాసేపు నా చేతుల వంకే చూశాడు. తర్వాత కాలు వెనక్కి తీసుకుని, జేబురుమాలుతో చెంప గట్టిగా తుడుచుకున్నాడు. రంగు కింద పొక్కులు ఇంకా నీరు పట్టే ఉన్నాయి.

"నువ్వెళ్ళు. తాత రాలేదేమని అడిగితే..."

"ఇవాళ పుట్టిన పిల్ల అడగదు లెండి."

"ఎప్పుడడిగినా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పు," అన్నాడు.