గీత కలిసిన ముగ్గు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే మంట తగ్గించి రండి, ఆగుతాను. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

ముందే చెబుతున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఎనిమిదో తరగతితో చదువు మానేసింది కదా, ఏం చెప్పినా నమ్ముతుందిలే అనుకోకండి. మా నాన్న శ్మశానం పక్క చేను కౌలుకు చేసేవాడు. నీళ్ళు పెట్టడానికి వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళేవాడు, ఆ గట్టు మీదే గోనెసంచి పరుచుకుని నిద్రపోయేదాన్ని. దోమలు తప్ప నన్ను ఏదీ పలకరించలేదు.

మా అత్తగారి ఊరు తణుకు దగ్గర. ఆ ఇంట్లో నాకు తోడికోడలు సుభద్రక్క, మా ఆయనకు వదిన. నేను కాపురానికి వెళ్ళేనాటికి అన్నం వార్చడం కూడా సరిగ్గా రాదు. చేయి కాల్చుకుంటే వెన్న రాసింది, పురుడు పోసింది, అత్తగారు కోప్పడితే మధ్యలోకి వచ్చి నిలబడింది. తోడికోడళ్ళు ఇలా కూడా ఉంటారా అని ఊరు ఊరంతా చెప్పుకునేది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంటి మనిషి ఊరు వెళ్తే, తిరిగి వచ్చేదాకా వాకిట్లో ముగ్గు పూర్తి చేయరు. చివరి రేకు దగ్గర గీత కలపకుండా వేలెడు ఖాళీ వదులుతారు. మనిషి వచ్చి గడప దాటాక, కాళ్ళు కడుక్కునేలోపు వెళ్ళి ఆ గీత కలుపుతారు. వేరే ఇళ్ళల్లో నేనది చూడలేదు.

మేము అమెరికా వచ్చాక అక్క రోజూ అలాగే వదిలేసేది. ఎదురింటావిడ ఒకసారి "ఏం సుభద్రా, ముగ్గు పిండి అయిపోయిందా?" అని ఎగతాళి చేసిందట. "పిండికేం లోటు? మనిషే రావాలి" అందట అక్క. ఫోన్‌లో నాకు చెప్పి తెగ నవ్వింది.

ఇక్కడ మేముండేది మోరిస్‌విల్ అనే ఊళ్ళో. అపార్ట్‌మెంట్ చుట్టూ పైన్ చెట్లు. వసంతం వచ్చిందంటే వాటి పుప్పొడి పచ్చగా రాలుతుంది. కార్లు, మెట్లు, మా ఇంటి ముందు సిమెంటు అరుగు, అన్నీ పసుపు జల్లినట్టుంటాయి. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ అంతే.

మా ఆయనకు ఏడాదికి ఒక్కసారే పెద్ద సెలవు. అది ఎప్పుడూ ఇండియాకే పోయేది. వెళ్ళినా ఏముంది, ఇటువాళ్ళ ఇంట్లో భోజనం, అటువాళ్ళ ఇంట్లో టిఫిను, సూట్‌కేసులు విప్పడం, కట్టడం. ఈ దేశంలో మేము చూసినవి విమానాశ్రయాలే. ఆ ఏడాది పిల్లలు పట్టుబట్టారు. స్ప్రింగ్ బ్రేక్‌కి గ్రాండ్ కాన్యన్ వెళ్దామని టికెట్లు బుక్ చేశాం. ఇక ఇండియా ప్రయాణం మరుసటి ఏడే. అక్కకు చెబితే, "పోనీలే, పిల్లల ముచ్చట కూడా తీరాలిగా" అంది.

బయలుదేరడానికి ఇంకో వారం ఉందనగా, పొద్దుగూకే వేళ సూట్‌కేసులు దులపడానికి అరుగు మీదికి వెళ్ళాను. చలిగా ఉందని మా బాబుది వెనక టోపీ కుట్టిన చొక్కా, ఆ బూడిదరంగుది, తొడుక్కున్నాను. చేతులు పొడుగై మడతపెట్టుకున్నాను. చెప్పులు వేసుకోలేదు. దులిపి లోపలికి వచ్చేసరికి పాదాలు మడమల దాకా పచ్చగా అయిపోయాయి. కడుక్కుని పడుకున్నాను.

తెల్లారి తలుపు తీస్తే అరుగు మీద ముగ్గు ఉంది.

పుప్పొడిలో వేలితో గీసినట్టు, గీత ఉన్నచోట సిమెంటు కనిపిస్తోంది. ఎనిమిది రేకుల పద్మం, మధ్యలో చిన్న చుక్క. గీత ఎక్కడా వణకలేదు, దిద్దింది లేదు. ముందురోజు నేను లోపలికి వచ్చిన అడుగులు గడప దాకా ఉన్నాయి. అవి తప్ప వేరే అడుగు లేదు. అరుగంత ముగ్గు కూర్చోకుండా, జరగకుండా ఎవరు వేస్తారు?

మా ఆయన కాఫీ కప్పుతో వచ్చి వంగి చూశాడు. నేనింకా నోరు విప్పలేదు. "ఇదేంటి, వదిన ముగ్గులా ఉందే" అన్నాడు. అనేసి నాలిక కరుచుకున్నాడు.

అప్పుడు చూశాను చివరి రేకు. గీత కలిసి ఉంది.

మనిషి రాకుండా అక్క ఆ గీత కలపదు. ఇక నా కోసం ఎదురుచూడనని చెప్పడానికి వచ్చిందా? ఆ మాట పైకి అనలేక పక్కింటి లక్ష్మిని అడిగాను. "నేనా? సంక్రాంతికి కూడా స్టిక్కరే అంటిస్తానండీ, మీకు తెలియనిదేముంది" అంది. మా అమ్మాయిని అడిగితే, "మామ్, నాకు ఆ డాట్స్ కౌంట్ చేయడమే రాదు" అంది.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. ఒక్క మోత మోగిందో లేదో ఎత్తింది.

"నువ్వేనా?" అంది.

"నేనేనక్కా."

"నువ్వేనా అమ్మడూ?" మళ్ళీ అడిగింది. ఆ తర్వాత నవ్వింది. ఒంట్లో ఎలా ఉందంటే, "నాకేం, గుండ్రాయిలా ఉన్నా. వెళ్ళి ఆ పెద్ద గొయ్యేదో చూసి రండి" అంది. ముగ్గు సంగతి నేను ఎత్తలేదు. బాగున్న మనిషిని భయపెట్టడం దేనికని.

మధ్యాహ్నం వాన పడి అరుగు కడిగేసింది. నా మనసు మాత్రం కుదుటపడలేదు. ఇండియా వెళ్తానన్నాను.

"పుప్పొడిలో ముగ్గు చూసి ట్రిప్ క్యాన్సిల్ చేశామని ఎవరికైనా చెబితే నవ్వుతారే" అన్నాడు మా ఆయన. "వదిన బాగానే ఉందిగా, నువ్వే మాట్లాడావుగా!"

మా అమ్మాయి ఏడుపు. "ఎవ్రీ టైమ్ ఇండియానే! ఇట్స్ నాట్ ఫెయిర్!" దాని ఏడుపులోనూ న్యాయం ఉంది. నాలుగేళ్ళుగా మాట ఇచ్చి తప్పుతున్నాం. చివరికి మా ఆయనే తేల్చాడు. తనూ పిల్లలూ కాన్యన్‌కి, నేనొక్కదాన్నే ఇండియాకి. అంతకుముందు ఒంటరిగా బస్సెక్కి రాజమండ్రి కూడా వెళ్ళినదాన్ని కాను.

ఊళ్ళో దిగేసరికి అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. కళకళలాడుతూ, నిజంగానే గుండ్రాయిలా ఉంది. కానీ నా మొహం చూడలేదు. ముందు నా కాళ్ళు చూసింది.

అక్కడే బూట్లు విప్పించింది. చెంబుతో నీళ్ళు తెచ్చి తనే పోసింది. మడమలు, వేళ్ళు చేత్తో తడిమి తడిమి కడిగింది. "ఏంటక్కా, పెళ్ళికూతుర్ని కడిగినట్టు" అన్నాను. ఏ మాటకైనా నవ్వే మనిషి, నవ్వలేదు.

మధ్యాహ్నం బావగారు కొట్టుకు వెళ్ళాక మంచం మీద నా పక్కన పడుకుని చెప్పింది.

ఒకరోజు తెల్లవారుజామున ముగ్గు వేస్తోందట. చివరి గీత వదిలేసి లేవబోతుంటే గేటు చప్పుడైంది. తలెత్తితే నేను. చేతులు మడిచిన బూడిదరంగు చొక్కా, ఒట్టి కాళ్ళు. పలకరించకుండా తన పక్కనుంచి నడిచి గడప దాటి ఇంట్లోకి వెళ్ళానట. చెప్పకుండా వచ్చి ఆటపట్టిస్తున్నానని అక్క సంబరపడి, గబగబా గీత కలిపేసి వెనకాలే లోపలికి వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. బావగారు గురకపెట్టి నిద్రపోతున్నారు.

"మడమల దాకా పసుపు ఉందే నీ కాళ్ళకి" అంది అక్క. "ముత్తయిదువను ఎప్పుడు అలా పంపిస్తారో నీకు తెలుసుగా."

ఎవరికీ చెప్పలేదట. పనులన్నీ మానేసి సాయంత్రం దాకా ఫోన్ పక్కనే కూర్చుంది, నా గురించి ఏ చెడ్డ కబురు వస్తుందోనని. మోగగానే ఎత్తింది. అందులోంచి నా గొంతే వచ్చింది.

అప్పుడు నేనూ నా సంగతి చెప్పాను. ఇద్దరం చాలాసేపు ఒకరి చేయి ఒకరం పట్టుకుని పడుకున్నాం. నాకు ముగ్గు కనిపించిందీ, అక్కకు నేను కనిపించిందీ ఒకే రోజు. వేళ మాత్రం తర్వాత మా ఆయన లెక్క వేసి చెప్పాడు. అక్కడ తెల్లవారే వేళంటే మనకు ముందురోజు పొద్దుగూకే వేళట, నేను సూట్‌కేసులు దులిపిన వేళ. ఆయన అంతటితో ఊరుకుని టీవీ పెట్టుకున్నాడు.

దాదాపు నెల ఉన్నాను. ఇద్దరం ఆవకాయ పెట్టాం, పాత చీరలన్నీ ఎండలో వేశాం, అత్తగారిని అనుకరించి కడుపునొప్పి వచ్చేలా నవ్వుకున్నాం. తిరిగి వచ్చేశాను. ఆ ఏడాది వానలు వెనకపట్టేలోపే అక్క పోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. నేను తిరిగి వచ్చాకే వీసా పొడిగింపుకు పెట్టాం, అప్పటికి ఆ కాగితాలు చేతికి రాలేదు, కదలడానికి వీల్లేకపోయింది. ఆ నెలే లేకపోతే నాకు అక్క కడసారి చూపు లేదు.

ప్రమాదం నాకు ఉందని ఆవిడకు కనిపించిందా, ఆవిడకు ఉందని నాకు తెలిసిందా? నడిచి వెళ్ళింది నేనైతే ముగ్గు వేసింది ఎవరు? చదువుకున్నవాళ్ళను చాలామందిని అడిగాను. తలా ఒకటి చెప్పారు, ఏదీ నా మనసుకు ఎక్కలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. అక్కను దయ్యమని ఎలా అనుకుంటాను? నేనైతే బతికే ఉన్నానాయె.

చల్లగా ఉండండి. మీ ఇంటి నుంచి దూరదేశం వెళ్ళినవాళ్ళు, ఒంటితో ప్రాణంతో కలిసే మీ ఇంటికి రావాలి. వాళ్ళు వచ్చేసరికి తలుపు తీసే మనిషి మీ ఇంట్లో ఉండాలి.